మూతికి మూత

డాక్టరు అన్నది ఒక మాట. ముసలమ్మ విన్నది రెండు.

ఆ ఒక్క మాటా "జినాక్". సురబాయాలో కరవని కుక్క జినాక్, చేతి మీద వాలే పావురం జినాక్, ప్రాణం తీయని గడ్డ కూడా జినాకే. మన మాటలో సాధువు అనుకోవచ్చు. కానీ డాక్టర్ విబిసోనో మూతికి మాస్కు ఉంది, పైగా మాట మధ్యలో తుమ్మొచ్చింది. "ఇది జి..." అని ఆగి, మోచేతి వంపులోకి తుమ్మి, "...నాక్" అని ముగించాడు. ముసలమ్మ ఎంబా మర్హమాకి, ఎంబా అంటే అక్కడ అవ్వ, కుడి చెవి ఎప్పుడో మూగబోయింది. ఎడమ చెవి తనకు నచ్చినప్పుడే పనిచేస్తుంది. తుమ్ములో పోయిన ముక్కని ఆ చెవి తనంతట తనే అతికించుకుని, "ఇది జిన్, నాక్" అని ఆమెకు అప్పజెప్పింది. భూతం, తల్లీ, అని.

ఇందులో ముసలమ్మ తప్పేం లేదు. అరగంట నుంచి ఆ డాక్టరు ఆమె మనవరాల్ని ఆ పిలుపుతోనే పిలుస్తున్నాడు. "నోరు తెరువు, నాక్." "ముక్కుతో ఊపిరి తీసుకో, నాక్." పేరు విభీషణుడిది, గొంతు రావణుడిది. కుంభకర్ణుడి చెవులు మాత్రం ఆ గదిలో ఎవరికీ లేకపోయాయి.

మనవరాలు హొస్నియా పదహారేళ్ళది. వినగలదు, అర్థం చేసుకోగలదు, దిద్దగలదు కూడా. కానీ పైదవడ అచ్చు తీయడానికి నోటి నిండా గులాబీరంగు ముద్ద కూరి ఉంది. ముక్కు పక్కన కుడివైపు నిమ్మకాయంత వాపు. చేతులు కుర్చీ పిడుల్ని పట్టుకుని ఉన్నాయి.

"ఎక్కణ్ణుంచి వచ్చింది డాక్టర్ అది?" అంది ఎంబా.

"బయట్నుంచి కాదు ఎంబా. లోపలే పుట్టింది. ఆ కోరపన్ను బయటికి రాకుండా ఎముకలో ఉండిపోయింది చూడు, దాన్ని పట్టుకుని కూర్చుంది."

కోర అన్న మాటకి ఎంబా తలూపింది. కోర ఉన్నచోటే కదా అది చేరేది.

"ఎన్నాళ్ళయింది?"

"పాలపళ్ళు ఊడినప్పట్నుంచీ ఉండుంటుంది. ఇప్పుడు బలిసింది."

"ఏం తింటది?"

ఇంత తెలివైన ప్రశ్న తన విద్యార్థులు కూడా అడగలేదన్నట్టు డాక్టరు చుట్టూ నిలబడ్డ వాళ్ళ వైపు చూశాడు. "ఎముక," అన్నాడు.

"మందుకి పోతదా?"

"ఏ మందుకీ లొంగదు. కొంచెం వదిలినా మళ్ళీ వస్తుంది. అందుకని అది ఉన్న ఇంటితో సహా తీసెయ్యాలి. కుడివైపు పైదవడ, ఆ వరస పళ్ళు, సగం అంగిలి. ఆ కన్నానికి ప్లాస్టిక్ పలక బిగిస్తాం. అచ్చు తీసేది అందుకే. సోమవారం ఎనిమిదింటికి ఆపరేషన్."

ఎంబా ఏడవలేదు. తలమీది గుడ్డ కొసకి రెండు ముళ్ళు వేసింది. వంగి మనవరాలి నడినెత్తిన మూడుసార్లు ఊదింది.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మనిషి లస్మిని. కింది అంతస్తు ప్రయోగశాలలో ముక్కలు కోసి రంగులు వేసే ఉద్యోగం ఆమెది, ఇరవై రెండేళ్ళుగా. విద్యార్థులకి చూపించాలి, స్లైడు పట్టుకురమ్మంటే వచ్చింది. చంకలో రిపోర్టు ఉంది. అమెలోబ్లాస్టోమా అని రాసి, కింద ప్రయోగశాల పెద్ద డాక్టర్ హప్సోరో సంతకం. ఈ జాతి గడ్డ పేరుకే సాధువు, చేసేదంతా సాధింపు. చంపదు, కానీ దవడని ఇల్లరికపు అల్లుడిలా తిని కూర్చుంటుంది. అందుకే అంత కోత.

నిన్న మధ్యాహ్నం ఇదే పిల్ల వరండాలో కిటికీ పక్కన కూర్చుని సన్నగా ఖురాన్ చదువుతుంటే లస్మిని చేతిలో పని ఆపి విన్నది. వచ్చే నెల జిల్లా పారాయణ పోటీలట. చివరి అక్షరాన్ని అంగిలికి ఆనించి, అక్కడ కాసేపు నిలిపి, వదిలింది. ఆ అంగిలికే ఇప్పుడు అచ్చు తీస్తున్నారు, ఉన్నదాన్ని దాచుకోవడానికి కాదు, పోయాక అతికించడానికి.

"స్లైడు, బు లస్," అన్నాడు విబిసోనో చెయ్యి చాపి.

ఆమె ఇచ్చింది. విద్యార్థులు మైక్రోస్కోపు చుట్టూ మూగారు. "చూడండి, ఎంత బాగా గోధుమరంగు పట్టిందో," అన్నాడు విబిసోనో. పొగిడింది రంగునే గానీ, రంగు వేసిన చెయ్యి కూడా కాస్త సిగ్గుపడింది.

*

శుక్రవారం పొద్దున ఏడో నంబరు మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది, దాని మీద ఆసుపత్రి గిన్నె కడిగి బోర్లించి ఉంది. వంతెన అవతలి మదురా దీవి వాళ్ళు పారిపోయినా మర్యాదగా పారిపోతారు.

విబిసోనో గొంతు మేడ మీంచి కింది ప్రయోగశాల దాకా దిగింది. సోమవారం జకార్తా నుంచి ప్రొఫెసరొస్తున్నాడు, ఆపరేషన్ చూపించడానికి ఇరవై మంది విద్యార్థుల్ని పిలిచారు, ఇప్పుడు దవడే లేదు. దవడ లేనివాడికి కట్టిన పళ్ళ సెట్టులా అయింది ఏర్పాటు.

"ముసలమ్మ ఎందుకెళ్ళిపోయిందో ఏమైనా చెప్పిందా?" అని లస్మిని నర్సుని అడిగింది.

"చెబితేగా. నోరు తెరిస్తే 'దాని పేరెత్తకు, వింటుంది' అంటుంది. ఆ పిల్లనీ అడగనివ్వలేదు. పొద్దున్నే వంతెన దాటే బస్సెక్కేశారు."

లస్మిని తన బల్ల దగ్గరికి వచ్చింది. శుక్రవారం ట్రేలు ఖాళీ చేసే రోజు. వారంలో మిగిలిన స్లైడుల్ని ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూసి, పెన్సిల్ రాత చదివి, పెట్టెల్లో సర్దాలి. మంగళవారం ట్రేలో అడుగున ఒక్కటి మిగిలింది. హొస్నియా నంబరే, పక్కన చిన్న సున్నా.

సున్నా అంటే సాక్షి. రంగు వేసిన ప్రతిసారీ అదే మైనపు దిమ్మలోంచి ఇంకో ముక్క కోసి, అన్నీ అలాగే చేసి, ప్రోటీన్ని పట్టుకునే చుక్క ఒక్కటి మాత్రం వెయ్యరు. పట్టేవాడే లేనప్పుడు గోధుమరంగు పట్టకూడదు. సాక్షి నీలంగానే ఉండాలి.

లస్మిని దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుంది. గోధుమరంగు.

మైక్రోస్కోపు కింద పెట్టింది. అంచులా? అంచులే కాదు, నడుమా, కణాలా, కణాల మధ్య ఉత్త పీచులా, అంతటా గోధుమరంగే. కంట్రోల్ అని పిలిచే స్లైడే కంట్రోల్ తప్పింది. సాక్షే దొంగతో కలిసింది. దాని పక్కన గురువారం అందరూ మెచ్చుకున్న స్లైడు పెట్టి చూస్తే రెండూ కవలపిల్లలు.

పన్ను పుట్టేటప్పుడు చిగురు లోపల మొగ్గలో కణాలు ఒక్కో దశలో ఒక్కో ప్రోటీను తయారు చేస్తాయి. దారితప్పి గడ్డగా మారిన కణాలు కూడా ఎక్కడ తప్పాయో అక్కడి ప్రోటీన్నే పట్టుకుని ఉంటాయి. మదురా మనిషి సురబాయాలో ఎంత దాచుకున్నా నోరు తెరిస్తే యాస బయటపడినట్టు. కాల్రెటినిన్ అనే ప్రోటీను ఉంటే, దవడ తినే రాక్షసి గడ్డ. లేకపోతే ఎక్కువగా దాని చెల్లెలు లాంటి మెత్తనిది, ఆడపిల్లల్లో, పై కోరపన్ను పక్కన వచ్చేది. దాన్ని వేరుశనగ గింజని ఒలిచినట్టు ఒలిస్తే చాలు. దవడ దవడలానే ఉంటుంది. కోసి తెచ్చిన ముక్క చిన్నది, ఉత్త ఆకారం చూసి ఇదీ అని చెప్పలేని ముక్క. ఆ రోజు తేల్చింది రంగే. ఆ రంగు అబద్ధం.

లస్మిని ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. మంగళవారం ఏమైందో వెతుక్కోనక్కర్లేదు. అంతా ఇక్కడే ఉంది, షెల్ఫు మీద, ప్లాస్టిక్ డబ్బా రూపంలో. చుక్కలు వేసిన స్లైడుల్ని తడి కాగితం పరిచిన ఆ డబ్బాలో పడుకోబెట్టి, మూత పెట్టి, గంటసేపు ఉంచాలి. ఆరకూడదు. ఆరితే రంగు ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. మంగళవారం డాక్టర్ హప్సోరోకి ప్రొఫెసర్ పదవి వచ్చిందని ప్రయోగశాలంతా రుజాక్ చింగుర్ తింది, మూడు పెద్ద పళ్ళాలు, నల్లటి రొయ్యల ముద్దలో తేలే ఆవుమూతి ముక్కలు. ఈగలు. "బు లస్, దీనికి ఏదైనా మూత ఉందా?" అన్నాడు హప్సోరో నవ్వుతూ. ఉంది. డబ్బా మీంచి తీసి ఇచ్చింది. ఐదు నిమిషాలే అనుకుంది. ఏసీ సరిగ్గా డబ్బా మీదికే తిరిగి ఉంది. గంటన్నర.

ఆవుమూతికి మూత పెట్టబోతే ఆడపిల్ల మూతికి వచ్చింది.

హప్సోరో శుక్రవారం నమాజు నుంచి రెండింటికి వచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, గట్టిగా మాట్లాడితే స్లైడు పగులుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. లస్మిని సాక్షి స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకి జరిగింది. ఆయన చూశాడు.

"అంచులు ఎండినట్టున్నాయి."

"నడుమ కూడా, పాక్." పాక్ అంటే అక్కడ సారు.

ఆయన నడుమ చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. తుడవాల్సినదేం లేదు దాని మీద.

"ఎందుకలా ఎండింది?"

"ఏసీ..." అంది లస్మిని. మిగతా సగం నోటిదాకా వచ్చింది. డబ్బాకి లేని మూత సరిగ్గా అప్పుడే వచ్చి నోటికి పడింది.

"ఆ చుక్కల సీసాలో ఎంత మిగిలింది?"

"రెండు చుక్కలు."

"కొత్తది రావడానికి నెల. నెలలో..." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఆ పిల్ల వెళ్ళిపోయిందంటున్నారు కదా బు లస్. లేని పేషెంటుకి రిపోర్టు దిద్ది ఏం చేస్తాం? వస్తే చూద్దాం."

ఇంతలో బల్ల మీది ఫోను మోగింది. అవతల విబిసోనో. స్పీకరు పెట్టనక్కర్లేకుండానే గదంతా వినిపించింది. మదురాలోని బంకలాన్ ఆరోగ్య కేంద్రం వాళ్ళు పిల్ల ఇంటిని కనుక్కున్నారు, నచ్చజెప్పి ఆదివారం సాయంత్రానికి బండెక్కించి పంపుతారు, ఆపరేషన్ అనుకున్న టైముకే.

లస్మిని ఫోను పెట్టేసింది.

"నేను ఇవాళ మలాంగ్ వెళ్ళాలి, సదస్సు ఉంది," అన్నాడు హప్సోరో లేస్తూ. "సోమవారం పొద్దున్నే వస్తాను." తలుపు దగ్గర ఒక్కక్షణం ఆగి వెళ్ళాడు, తాళాల గుత్తి బల్ల మీదే మర్చిపోయి. అందులో దిమ్మల బీరువా తాళం ఉంది. మర్చిపోయాడో, మర్చిపోయినట్టు పెట్టాడో, ఇరవై రెండేళ్ళు కలిసి పనిచేసినా లస్మినికి తెలియలేదు.

*

శనివారం సెలవు. లస్మిని పొద్దున ఏడింటికే వచ్చింది.

మొదట మూత కడిగింది. ఐదోసారి కడిగినా మూలన రొయ్యల ముద్ద వాసన పోలేదు. పెడితే గట్టిగా బిగుసుకుంటోంది, చాలు అనుకుంది.

దిమ్మ తీసింది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది ఆ మైనపు దిమ్మ. నడుమ పిల్ల దవడలోంచి తీసిన ముక్క, బఠాణీ గింజంత. దాన్ని ఐసు మీద పెట్టి చల్లార్చి, కోత యంత్రానికి బిగించింది. చక్రం ఒకసారి తిప్పితే వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందం పొర లేస్తుంది. ఆమె మొదటి ఇరవై పొరల్ని నీళ్ళమీదికి కూడా పోనివ్వలేదు, ఊది పారేసింది. పైపైన అందరూ చూసినదే. ఇంకా లోపలికి పోవాలి. ఎక్కువ పోతే ముక్క అయిపోతుంది, ఉన్న సాక్ష్యం కాస్తా ఆమె చేతుల్లోనే పొట్టు అవుతుంది. ఇరవై ఐదు. ముప్ఫై. చక్రం తిప్పే చెయ్యి ఒక్క తీరున తిరగాలి. ఊపిరి బిగబట్టకూడదు, వదలకూడదు. ముప్ఫై రెండో పొర నుంచి రిబ్బనులా వరసగా వచ్చాయి. కుంచెతో ఎత్తి, గోరువెచ్చని నీళ్ళమీద పరిచింది. ముడతలు విప్పుకున్నాయి. ఒక స్లైడు కిందినుంచి తోసి పొరని ఎత్తింది, ముత్యాల్లాంటి నీటి చుక్కల్ని అంచు మీంచి జార్చింది.

మామూలు రంగు వేసి ఒకటి చూసింది. కణాల గుంపు మధ్యలో చిన్న చిన్న గుండ్రాలు. గాజుల్లా. ఒకటి, రెండు, ఐదు. రాక్షసి గడ్డకి గాజులుండవు.

"కనబడ్డావు," అంది గట్టిగా. గది ఖాళీగా ఉందని తర్వాత గుర్తొచ్చింది.

కానీ గాజులు చూసి ఎవరూ ఆపరేషన్ ఆపరు. గోధుమరంగు అన్న నోటితోనే నీలం అనిపించాలి. ముక్కలోని ప్రోటీను మళ్ళీ తేలేందుకు స్లైడుల్ని కుక్కర్లో పెట్టింది. ఇక్కడ ఇళ్ళలో ముల్లు మెత్తబడేదాకా చేపలు ఉడికించే కుక్కరే అది. లోపల ప్రెషరు ఎంతుందో ముల్లు చెబుతుంది, బయట ఉన్నదాని ప్రెషరు చెప్పే ముల్లు లేదు. మూడు నిమిషాలు. చల్లార్చింది. ఒక్కో ముక్క చుట్టూ మైనపు కలంతో గీత గీసింది, చుక్క పొర్లిపోకుండా.

సీసాని చిటికెన వేలుతో తట్టి, చుక్కల్ని అడుగుకి దించింది. రెండు. ఒకటి హొస్నియాకి. రెండోది, ఇదివరకు నిర్ధారణ అయిన ఇంకెవరిదో రాక్షసి గడ్డకి, చుక్క ఇంకా పనిచేస్తోందని తెలియడానికి. మూడో స్లైడుకి ఏమీ లేదు, సాక్షి. చుక్క గీత దాటితే మళ్ళీ నెలరోజులు. దాటలేదు.

ఒక విద్యార్థిని పరిశోధన అయిపోయాక వదిలేసిన సీసా ఒకటి ఫ్రీజరులో ఉంది, అమెలోజెనిన్ అని. పంటికి పైపూత కట్టే ప్రోటీను. నాలుగో స్లైడుకి అది వేసింది.

డబ్బాలో తడి కాగితం పరిచింది. తడి కాగితం పరిచింది. మూత పెట్టింది. రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది. ఏసీ ఆపింది. అప్పటికీ నమ్మకం చాలక, గంటసేపు మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు. చెమట మెడ వెనకనుంచి వీపుకి దిగింది. కింద వీధిలో మాంసపుండల సూపు అమ్మే బక్సో బండివాడు గిన్నె మీద చెంచా కొట్టుకుంటూ పోయాడు. మళ్ళీ తిరిగొచ్చాడు.

రంగు తేల్చే చివరి మందు వేసి మైక్రోస్కోపు కిందే చూస్తూ కూర్చుంది. రాక్షసి గడ్డ స్లైడు నిమిషంలో గోధుమరంగుకి తిరిగింది. సాక్షి నీలం. హొస్నియా... నిమిషం. రెండు. మూడు. నీలం. నాలుగు. నీలం.

నాలుగో స్లైడులో, గాజుల నడుమ, చిన్న చిన్న బొట్లు గోధుమరంగుకి వచ్చాయి. పైపూత. బయటికి రావాల్సిన దారి మర్చిపోయింది గానీ, పన్ను తన పని మర్చిపోలేదు. ఎగ్గొట్టిన పన్ను చీకట్లో కూర్చుని ఎవరూ అడక్కుండానే లెక్క కడుతోంది. మూత పోయినరోజు మాయమైన నిజం, పూత దొరికిన రోజు పట్టుబడింది.

లస్మిని అక్కడే బల్ల మీద తల పెట్టుకుంది. గెలిచిన మనిషిలా లేదు. ఇప్పుడిక చెప్పాలి, కానీ రిపోర్టు మార్చే సంతకం హప్సోరోదే, ఆయన సోమవారం దాకా రాడు.

*

సోమవారం ఏడుంబావుకి హప్సోరో వచ్చేసరికి మైక్రోస్కోపు వెలిగి ఉంది, తాళాల గుత్తి పక్కనే ఉంది, నాలుగు స్లైడులు వరసగా ఉన్నాయి. ఆయన సంచి భుజం మీంచి దించకుండానే కూర్చున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. వేలు మాత్రం ఫోకసు చక్రాన్ని ముందుకి, వెనక్కి తిప్పుతోంది.

"మంగళవారం డబ్బాకి మూత లేదు, పాక్," అంది లస్మిని వెనకనుంచి. "పళ్ళెం మీద పెట్టడానికి నేనే తీసి ఇచ్చాను."

వేలు ఆగింది.

"అడిగింది నేను," అన్నాడు హప్సోరో.

ఆయన కొత్త రిపోర్టు కాగితం తీశాడు. పేరు రాశాడు, నంబరు రాశాడు. పాత రిపోర్టు రద్దు అని రాసి, కారణం అన్నచోట కలం కాసేపు నిలిపాడు. తర్వాత, "రంగు వేసేటప్పుడు స్లైడులు ఎండిపోయినవి, మూత లేనందున" అని రాసి, ప్రొఫెసర్ అని కొత్తగా చేర్చుకున్న మాట కింద సంతకం చేశాడు. ఏడూ యాభై.

"పద, నేను మెట్లెక్కేసరికి ఎనిమిదవుతుంది. నువ్వు ముందు పరిగెత్తు."

లస్మిని మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మూడో అంతస్తులో ఆపరేషన్ గది ముందు జనం. ఇరవై మంది విద్యార్థులు గోడకి ఆనుకుని ఉన్నారు. జకార్తా ప్రొఫెసరు చేతులు కడుక్కుని, తడి మోచేతులు పైకెత్తి, దేన్నీ తాకకుండా నిలబడి ఉన్నాడు. విబిసోనో మాస్కు మీంచి కనిపించే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నడుమ చక్రాల మంచం, దాని మీద ఆకుపచ్చ టోపీతో హొస్నియా. మంచం ముందు చక్రానికి అడ్డంగా చెప్పులేని కాలు పెట్టి ఎంబా మర్హమా.

"ఎంబా, కాలు తియ్," అన్నాడు విబిసోనో. "నువ్వే కదా తీసుకొచ్చావు. బండెక్కావు, సంతకం పెట్టావు. ఇప్పుడేంటి?"

"మా ఊరి మతగురువు కియాయి దగ్గరికెళ్ళాను. టార్చిలైటేసి చూశాడు. 'ఇది నా శాఖ కాదమ్మా, ఆసుపత్రి శాఖ. పేరు తెలియకుండా దేన్నీ వెళ్ళగొట్టలేం, ముందు డాక్టర్ని పేరడుగు' అన్నాడు. పేరు చెప్పు. కాలు తీస్తాను."

"పేరా? అమెలోబ్లాస్టోమా."

"కాదు," అంది లస్మిని.

మెట్లెక్కిన ఆయాసంలో ఆ మాట సగమే బయటికొచ్చింది. అయినా అందరూ తిరిగి చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఈ అంతస్తులో "ఇదిగోండి", "సరేనండి" తప్ప ఏమీ అనలేదు.

"ఏంటి బు లస్ కాదు?"

"అది కాదు డాక్టర్. చెల్లెలు. ఒలిస్తే వచ్చేస్తుంది. దవడ కొయ్యక్కర్లేదు." కాగితం చాపింది. విబిసోనో చేతులు కడుక్కుని ఉన్నాడు, పట్టుకోలేడు. ఆమె కాగితాన్ని ఆయన కళ్ళముందు పట్టుకుని నిలబడింది. ఆయన చదువుతున్నాడు. జకార్తా ప్రొఫెసరు భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

"మూత లేనందున," అని ప్రొఫెసరు పైకి చదివాడు. "దేని మూత?"

లస్మిని చెప్పింది. డబ్బా, చుక్కలు, ఏసీ, పళ్ళెం, ఆవుమూతి, తన చెయ్యి. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. చెబుతుండగానే హప్సోరో పైకొచ్చాడు, రెయిలింగు పట్టుకుని నిలబడి, "అడిగింది నేను" అని ఇంకోసారి అన్నాడు, ఈసారి అందరికీ వినపడేలా.

విబిసోనో పిల్ల వైపు చూశాడు. గురువారమే తీసిన అచ్చుతో చేసిన ప్లాస్టిక్ పలక ట్రేలో గులాబీరంగుగా మెరుస్తోంది. ఆయన మోచేత్తో ఆ ట్రేని గోడవైపుకి నెట్టాడు.

"ఈ కాలు చక్రానికి అడ్డం రాకపోయుంటే," అన్నాడు నెమ్మదిగా, "ఈపాటికి మత్తిచ్చి కోత మొదలుపెట్టేవాణ్ణి." ఆయనకి అంత చిన్న గొంతు ఉందని విద్యార్థులకి ఆ రోజే తెలిసింది. "ఎంబా, అసలు ఎందుకు పారిపోయావు?"

"ఎందుకేందయ్యా. నువ్వే చెప్పావుగా, జిన్ అని."

"జిన్నా? నేనా?"

"గురువారం. ఇక్కడే. నా మనవరాలి మొహం మీదే. 'ఇది జిన్, నాక్' అన్నావు. కోరల దగ్గర కూర్చుందన్నావు, ఎముక తింటదన్నావు, మందుకి లొంగదన్నావు, ఇల్లు కూల్చాలన్నావు. అందుకే కదా పేరెత్తకుండా తీసుకుపోయింది."

మంచం మీద హొస్నియా మోచేతుల మీద లేచి కూర్చుంది. నాలుగు రోజులుగా ఎందుకు తిప్పుతున్నారో తెలియక తిరిగిన పిల్ల. ఆకుపచ్చ టోపీ చెవి మీదికి జారింది. ఆమె నాయనమ్మ తల పట్టుకుని, ఎడమ చెవిని తన వైపు తిప్పుకుని, పోటీలో చివరి అక్షరాన్ని నిలిపినట్టు నిలిపి చెప్పింది.

"జినాక్, ఎంబా. కలిపి. మధ్యలో తుమ్ము లేకుండా. జి-నాక్. పావురంలాగా."

ఎంబా పెదాలు కదిలించి చూసుకుంది, ఒకసారి విడదీసి, ఒకసారి కలిపి.

"సాధువా?"

"సాధువే."

"మరి సాధువుకి ఇల్లు కూల్చేదేందయ్యా?" అంది విబిసోనో వైపు తిరిగి.

ఆయన నోరు విప్పబోయి, ఏదో గుర్తొచ్చినట్టు, మాస్కు కిందికి లాగుదామని చేతులెత్తి, అవి కడిగిన చేతులని మళ్ళీ దించేశాడు. ఆయన బదులు లస్మిని వంగి, ఆ ఎడమ చెవికే చెప్పింది, మొత్తం మళ్ళీ, డబ్బా దగ్గర మొదలుపెట్టి తుమ్ము దాకా.

ఎంబా అంతా విన్నది. డబ్బా సంగతి తెచ్చిన లస్మినిని చూసింది. మాస్కు వెనకాల ఉన్న విబిసోనోని చూసింది.

"అంటే, మూత ఉండాల్సిన డబ్బాకి లేదు. మాట చెప్పాల్సిన మూతికేమో ఉంది. అంతేనా?"

"అంతే, ఎంబా," అంది లస్మిని.

ముసలమ్మ చక్రం మీంచి కాలు తీసింది.